పాచినీళ్లూ, పోగుల అద్దమూ

ఎమ్మిగనూరులో బట్ట బేరమాడే పాతకాలపు షావుకారు వట్టి కంటిని నమ్ముకోడు. అంచు పట్టి సాగదీస్తాడు, వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తాడు, అప్పటికీ అనుమానం తీరకపోతే జేబులోంచి మడిచే భూతద్దం తీస్తాడు. దాని అడుగున అంగుళం మేర చదరపు కిటికీ ఉంటుంది. బట్ట మీద ఆనించి, ఆ కిటికీలో పడుగు ఎన్ని పోగులు, పేక ఎన్ని పోగులు అని సూదిమొనతో లెక్కపెడతాడు. నలభై అని చెప్పి ముప్ఫయ్యారు వేసిన నేత అక్కడ దొరికిపోతుంది. 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం పెట్టిన ఊరది. పోగు లెక్క తప్పితే అక్కడ పరువు పోతుంది.

కంటికి ఆనని జీవాల చరిత్ర కూడా బట్టల కొట్లోనే మొదలైంది.

హాలెండు దేశంలో డెల్ఫ్ట్ అనే ఊళ్లో ఆంటోనీ వాన్ లీవెన్‌హుక్ బట్టల వ్యాపారి. 1632లో పుట్టాడు. పెద్ద చదువు లేదు, పండితుల భాష లాటిన్ రాదు. నేత నాణ్యం చూసుకోవడానికి వ్యాపారులు వాడే అద్దాలే అతనికి భూతద్దాల పిచ్చి పట్టించాయంటారు. చిన్న గాజుముక్కను పట్టుగా అరగదీసి, రెండు లోహపు రేకుల నడుమ బిగించి, కంటికి ఆనించుకుని చూసేవాడు. అతని అద్దాల్లో ఇప్పటికి మిగిలినవి కొన్నే. వాటిలో మేలైనది వస్తువును దాదాపు 270 రెట్లు పెంచి చూపిస్తుంది.

ఆ ఊరికి రెండు గంటల దూరంలో బెర్కెల్సె మేర్ అని ఒక సరస్సు. చలికాలంలో తేటగా ఉండే నీళ్లు ఎండలు ముదిరేసరికి పచ్చబడి మబ్బుమబ్బుగా అయ్యేవి. మంచు కురిసి అలా అవుతుందని అక్కడి జనం చెప్పుకునేవారు. లీవెన్‌హుక్ ఆ నీళ్లు కాస్త గాజుగొట్టంలో పట్టుకొచ్చి మర్నాడు చూశాడు. పచ్చటి పట్టీలు పాములా మెలిదిరిగిన పోగులు కనిపించాయి. మన కాలేజీ పిల్లలు స్పైరోగైరా అనేది దాన్నే. వాటి మధ్య పైకీ కిందకీ గిరగిరా తిరుగుతూ రకరకాల పురుగులు. 1674 సెప్టెంబరు 7న లండన్ రాయల్ సొసైటీకి ఆ సంగతంతా ఉత్తరం రాశాడు.

ఆ ఏడాది మన ఎమ్మిగనూరుకు దగ్గర్లోని ఆదోని బీజాపూర్ సుల్తానుల తరఫున సిద్దీ మసూద్ ఖాన్ చేతిలో ఉంది. ఊళ్లో ఇప్పటికీ నిలిచి ఉన్న జామియా మసీదు అతను కట్టించిందే. కోట కింది కుంటల్లోనూ వేసవి వస్తే నీళ్లు పచ్చబడే ఉంటాయి. అదే మెలిదిరిగిన పోగు, అవే గిరగిరలు. ఇక్కడా బట్టల వ్యాపారులకు కొదవ లేదు. అద్దమే లేదు.

రెండేళ్లు గడిచాక లీవెన్‌హుక్‌కు ఇంకో సందేహం వచ్చింది. మిరియాలు ఎందుకు కారంగా ఉంటాయి? మిరియపు గింజలోని కణాలకు ముళ్లుంటాయేమో, అవి నాలుకకు గుచ్చుకుంటాయేమో అనుకున్నాడు. గింజలను నీళ్లలో నానబెట్టి వదిలేశాడు. ముళ్లయితే కనబడలేదు గానీ నీళ్ల నిండా లెక్కలేనన్ని జీవులు పుట్టుకొచ్చాయి. లండన్‌లో చాలామంది నమ్మలేదు. 1677 నవంబరులో అక్కడి శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ తనూ మిరియాల నీళ్లు పెట్టి, రాయల్ సొసైటీ సభ్యులకు చూపించాకే నోళ్లు మూతపడ్డాయి.

ఉన్నాయని తేలింది. ఏది ఏదన్నదే తేలలేదు. లీవెన్‌హుక్ వాటి పరిమాణాన్ని ఇసుక రేణువుతోనో పేను కన్నుతోనో పోల్చి చెప్పేవాడు. పేర్లు పెట్టలేదు. ఒకదాన్ని ఇంకోదాని నుంచి వేరు చేయాలంటే పోగుల లెక్క లాంటి ఒక ఖాయమైన గుర్తు కావాలి. అది దొరకడానికి పట్టిన కాలం వంద ఏళ్లకు పైమాటే.

ఆ చిక్కేమిటో తెలియాలంటే ఒకసారి సూక్ష్మదర్శిని ముందు కూర్చోవాలి. ఆదోని పక్క పల్లెలో వానలు పడ్డాక నిలిచిన కుంట అంచున, పాచి తేలే చోట, కాస్త నీళ్లూ నాలుగు కుళ్లిన గడ్డిపోచలూ సీసాలో పట్టుకుని రెండు రోజులు నీడన ఉంచితే చాలు. అడుగు నుంచి ఒక చుక్క తీసి గాజుపలక మీద వేస్తే, మొదట కనిపించేది వట్టి హడావుడి. తెల్లటి వెలుతురులో ఏదో అడ్డంగా దూసుకుపోతుంది. పలక జరిపి పట్టుకునేలోగా మాయం. ఇంకోటి వస్తుంది, అదీ అంతే. కొత్తగా చూసేవాళ్లకు ఆ పూటంతా ఈ వేటలోనే అయిపోతుంది.

దీనికి ల్యాబుల్లో ఎప్పటి నుంచో ఒక చిట్కా ఉంది: దూది. చిటికెడు దూదిని పోచలు పోచలుగా విడదీసి చుక్కలో వేసి, పైన పల్చటి గాజుబిళ్ల కప్పుతారు. ఆ పోచల మధ్య జీవులు కంచెలో చిక్కిన మేకపిల్లల్లా ఆగిపోతాయి. పత్తి మార్కెట్ ఊరైన ఆదోనిలో దూదికి కరువా!

ఆగాక తేడాలు తెలుస్తాయి. చెప్పు అడుగు ఆకారంలో ఉండి, ఒళ్లంతా సన్నటి నూగు అలలు అలలుగా కొట్టుకుంటూ, తన చుట్టూ తానే మెలితిరుగుతూ ముందుకు పోయేది పారమీషియం. దూదిపోచ తగిలితే టక్కున వెనక్కి జరిగి, కాస్త పక్కకు తిరిగి, మళ్లీ ముందుకొస్తుంది. పచ్చగా కదురులా ఉండి ఒక కొసన ఎర్రటి చుక్క ఉన్నది యూగ్లీనా. కొరడా లాంటి ఒకే ఒక్క తోకతో నీటిని తోసుకుంటూ పోతుంది. గంట ఆకారంలో కాడ మీద నిలబడి, బల్ల కదిలితే చాలు కాడను స్ప్రింగులా చుట్టేసుకునేది వోర్టిసెల్లా. అమీబాను కనుక్కోవడం అన్నిటికంటే కష్టం. అది ఈదదు, ఒలికిపోతుంది. మురికి ముద్దనుకుని దాటేసినదాన్ని రెండు నిమిషాలాగి మళ్లీ చూస్తే దాని ఆకారం మారి ఉంటుంది. తెలుగు పాఠ్యపుస్తకాలు ఈ మూడు రకాల నడకలకు శైలికలు, కశాభాలు, మిథ్యాపాదాలు అని పేర్లు పెట్టాయి. ఏకకణ జీవులను కుప్పలుగా విడదీయడానికి చాలాకాలం పనికొచ్చిన గుర్తులివే. పోలిక చూసి కాదు, నడక చూసి పట్టుకోవడం.

అయినా మోసపోయే చోట్లు ఉన్నాయి. తలమీద రెండు చక్రాలు తిరుగుతున్నట్టు కనిపించే ఒక జీవి పారమీషియం పక్కనే, ఇంచుమించు అంతే పరిమాణంలో తిరుగుతుంటుంది. అది రోటిఫర్. దాని ఒంట్లో కణాలు వందల్లో ఉంటాయి, నోరూ పొట్టా దవడా అన్నీ ఉంటాయి. కొత్తవాళ్లు దాన్ని ఏకకణ జీవుల్లో కలిపేస్తారు. వాళ్లను తప్పుపట్టడానికి లేదు, మహామహులే కలిపేశారు.

డెన్మార్క్‌కు చెందిన ఓటో ఫ్రెడ్రిక్ ముల్లర్ ఈ జీవులను జాతులుగా విడదీసి రాసిన పెద్ద గ్రంథం, ఆయన పోయాక, 1786లో అచ్చయింది. ఆ తర్వాతి పెద్ద పేరు బెర్లిన్‌లోని ఎరెన్‌బర్గ్. ఆయన 1838లో వెలువరించిన పుస్తకంలో ఒక్క బొమ్మల పలకలే 64. ఓపికలో ఆయన్ను మించినవాడు లేడు. మరి చిక్కు ఎక్కడ వచ్చిందంటే, చిన్నదైనా పెద్దదైనా ప్రతి జంతువుకూ సంపూర్ణమైన అవయవాలుంటాయని ఆయన ముందే నమ్మేశాడు. రుజువు కోసం చెరువు నీళ్లలో నీలిమందు కలిపాడు. మన కడప, కర్నూలు జిల్లాల్లో ఆ శతాబ్దమంతా విరివిగా తయారైన సరుకే, బట్టకు అద్దే నీలి. జీవులు ఆ రేణువులను మింగగానే వాటి ఒంట్లో నీలి చుక్కలు గుండ్రంగా తేలాయి. ఇవన్నీ పొట్టలే అన్నాడు ఎరెన్‌బర్గ్. అనేక పొట్టలు గలవని ఆ గుంపుకు పేరే పెట్టేశాడు. రోటిఫర్లు కూడా అదే పుస్తకంలో చోటు చేసుకున్నాయి.

ఫ్రాన్స్‌లో ఫెలిక్స్ దుజార్దాన్ అదే రంగు నీళ్లు పెట్టి ఇంకొంచెం సేపు చూశాడు. ఆ నీలి చుక్కలు ఒకచోట నిలబడటం లేదు, ఒంట్లో చుట్టూ తిరుగుతున్నాయి. పొట్టలు ఊరేగవు కదా! అవి తిండి నింపుకున్న తాత్కాలికపు బుడగలు, లోపలున్నది జిగురు లాంటి జీవపదార్థం, అంతే అన్నాడు. 1845లో జర్మనీ శాస్త్రవేత్త ఫన్ సీబోల్డ్ ఇవి ఒకే కణంతో బతికే జీవులని తేల్చి చెప్పాడు. ఎరెన్‌బర్గూ, దుజార్దానూ చూసింది ఒకే చుక్క నీలి. ఒకాయన నమ్మకం కొద్దీ చూశాడు, ఇంకొకాయన అది కదిలేదాకా ఆగాడు.

యూగ్లీనా పంచాయితీ అప్పటికీ తెగలేదు. పచ్చగా ఉండి ఎండలో తిండి వండుకుంటుంది గనుక మొక్క అన్నారు వృక్షశాస్త్రం వాళ్లు. ఈదుతుంది, నోరు లాంటిది ఉంది, చీకట్లోనూ బతకగలదు గనుక మాదే అన్నారు జంతుశాస్త్రం వాళ్లు. 1866లో జీవశాస్త్రవేత్త హెకెల్ రెండింటికీ పక్కన ప్రొటిస్టా అని మూడో రాజ్యం పెట్టాడు. అయినా మన కాలేజీల్లో చాలా ఏళ్లు బోటనీ పుస్తకంలోనూ జువాలజీ పుస్తకంలోనూ యూగ్లీనా ఉండేది. ఒకే బొమ్మను పిల్లలు రెండు రికార్డుల్లో వేసేవారు.

మన దేశంలో ఈ పని మొదట సైనిక వైద్యుల చేతిలో పడింది. బొంబాయిలో హెచ్.జె. కార్టర్ అనే డాక్టరు 1850ల్లో అక్కడి చెరువుల ఏకకణ జీవులను వర్ణించాడు. మద్రాసులో ఎం.ఒ.పి. అయ్యంగార్ శైవలాల (పాచి) మీద జీవితమంతా పనిచేశారు. పచ్చటి బంతుల్లా దొర్లే వోల్వాక్స్ కుటుంబం గురించి, దక్షిణాది చెరువులను గాలించి, 1933లో ఆయన రాసిన వ్యాసాన్ని ఈ రంగంలోవాళ్లు ఇప్పటికీ తిరగేస్తారు. అప్పటికి ఆదోని ఆ మద్రాసు ప్రెసిడెన్సీలోనే బళ్లారి జిల్లా ఊరు. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చాకే కర్నూలు జిల్లాలో కలిసింది. 1936లో బి.ఎల్. భాటియా శైలికలున్న జీవుల మీద ఫానా ఆఫ్ బ్రిటిష్ ఇండియా వరుసలో సంపుటం తెచ్చారు. విశాఖలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు జంతుశాస్త్ర శాఖ పి.ఎన్. గణపతి వంటివారి చేతుల మీదుగా ఏకకణ జంతువుల (ప్రోటోజోవా) చదువుకు ఒక బడిగా నిలిచింది.

కానీ తెలుగు నేల మీద ఒక ఏకకణ జీవిని గుర్తుపట్టడమనే పని ప్రపంచాన్నే కుదిపింది సికింద్రాబాదులో. ఆ కథ దగ్గర కాస్త ఆగాలి.

మలేరియా రోగి రక్తంలో పరాన్నజీవిని 1880లో అల్జీరియాలో లావెరాన్ అనే వైద్యుడు చూశాడు. ఎర్ర రక్తకణంలో దూరి, అందులోని ఎర్ర పదార్థాన్ని తిని, అరగని పిప్పిని నల్లటి రేణువులుగా మిగులుస్తుందది. ఆ నలుపే దాని గుర్తు. అది మనిషి నుంచి మనిషికి ఎలా వెళుతుందో మాత్రం తెలియదు. దోమ మీద అనుమానం ఉంది. 1895లో సికింద్రాబాదు వచ్చిన సైనిక వైద్యుడు రోనాల్డ్ రాస్ ఆ అనుమానం పట్టుకున్నాడు. దోమలు చచ్చి పడిన నీళ్లు తాగితే జ్వరం వస్తుందేమోనని లచ్మన్ అనే మనిషికి డబ్బిచ్చి తాగించాడు కూడా. జ్వరం వచ్చినట్టే వచ్చి పోయింది, రక్తంలో ఏమీ లేదు. ఇప్పుడు వింటే ఒళ్లు జలదరిస్తుంది, అప్పట్లో దాన్ని ప్రయోగం అనుకున్నారు.

రాస్‌కు అసలు ఇబ్బంది వేరు చేయడంలోనే వచ్చింది. దోమ కడుపులో మలేరియాకు సంబంధం లేని ఏకకణ జీవులూ కాపురం ఉంటాయి. గ్రెగరైన్లని ఒక జాతి. అవి కనిపించినప్పుడల్లా ఇదేనేమో అనిపిస్తుంది. పైగా దోమల్లోనూ రకాలు. రాస్‌కు వాటి శాస్త్రీయ నామాలు తెలియవు. చారల దోమ, బూడిదరంగు దోమ, మచ్చల రెక్కల దోమ అని తనకు తోచిన పేర్లు పెట్టుకున్నాడు. మొదటి రెండు రకాలనూ రెండేళ్లు కోశాడు, ఏమీ దొరకలేదు. అవి క్యూలెక్స్, ఈడిస్ జాతులు, మనిషి మలేరియాను మోయనివి.

1897 ఆగస్టు 16న బేగంపేట ఆసుపత్రిలో హుసేన్ ఖాన్ అనే రోగిని దోమతెరలోకి పంపి, మచ్చల రెక్కల దోమల చేత కుట్టించాడు. గదిలో పంకా ఆపేశాడు, గాలికి కోసిన దోమ ముక్కలు ఎగిరిపోతాయని. నుదుటి చెమట కారి సూక్ష్మదర్శిని మరలు తుప్పుపట్టాయి. మిగిలిన ఒకే ఒక్క కంటి కటకం బీటలు వారింది. ఆగస్టు 20న, కుట్టిన నాలుగో రోజు దోమను కోసి, కడుపు గోడను కణం కణంగా వెతుకుతున్నాడు. అన్నీ రోజూ చూసేవే. ఇంతలో గుండ్రటి కణం ఒకటి, అంచు స్పష్టంగా, పన్నెండు మైక్రాన్లంత. కడుపు కణం కావచ్చు. కానీ దాని లోపల నల్లటి రేణువులు. దోమ ఒంటి కణానికి ఆ నలుపు ఉండదు. మనిషి రక్తం తిన్న మలేరియా జీవికే ఉంటుంది.

అక్కడితో అరిచి గంతులేసి ఉంటే అదొక అదృష్టం కథ అయ్యేది. రాస్ మర్నాడు మిగిలిన ఆఖరి దోమను కోశాడు. అందులోనూ అవే కణాలు ఉన్నాయి, నిన్నటికంటే పెద్దవిగా. పెరుగుతున్నాయంటే బతికి ఉన్నాయి. దుజార్దాన్ నీలి చుక్కలు కదిలేదాకా ఆగినట్టే ఇదీనూ. వ్యాసం ఆ డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది, నోబెల్ బహుమతి 1902లో వచ్చింది. బేగంపేటలో ఆ భవనం ఇప్పుడు ఉస్మానియా విశ్వవిద్యాలయం కింద రాస్ పేరుతో ఉంది. దోమకు అణా లెక్కన హుసేన్ ఖాన్‌కు ముట్టింది పది అణాలు.

ఆ తర్వాత మలేరియా రకాలను ఒకదాన్నుంచి ఒకటి వేరు చేయడం మన ఆసుపత్రుల రోజువారీ పని అయింది. వైవాక్స్ అయితే ఎర్రకణం ఉబ్బుతుంది, ఫాల్సిపారం అయితే నెలవంక ఆకారాలు తేలుతాయి. తేడా తెలియకపోతే మందు మారిపోతుంది, ఫాల్సిపారం విషయంలో ప్రాణమే పోవచ్చు. 1944లో జస్వంత్ సింగ్, భట్టాచార్జీ కలిసి చవకలో తయారయ్యే రంగు కనిపెట్టారు. జేఎస్‌బీ అని వాళ్ల పేర్లతోనే పిలిచే ఆ రంగు ల్యాబు టెక్నీషియన్లకు కొట్టిన పిండి. తర్వాత మలేరియా సిబ్బంది పల్లె పల్లె తిరిగి వేలు గుచ్చి రక్తపు పలకలు తీసుకున్నారు. ఇంటి గోడ మీద తేదీ వేసి పోయే మలేరియా సారును రాయలసీమ పెద్దలు ఇప్పటికీ గుర్తు చేసుకుంటారు.

ఇక మళ్లీ చెరువు దగ్గరికి. 1960ల్లో ఉస్మానియాలో ఎ.ఆర్. జాఫర్ హైదరాబాదు చేపల చెరువుల శైవలాలను ఏయే నెలలో ఏవి పెరుగుతున్నాయో, నీటి రసాయనాలతో వాటి లంకె ఏమిటో చూస్తూ వరుస వ్యాసాలు రాశారు. 1969లో వి. వెంకటేశ్వర్లు మూసీ నది మీద అదే పని చేశారు, నగరం మురుగు కలిసే ముందూ కలిసిన తర్వాతా. ఆ ఏడాదే అమెరికాలో మెర్విన్ పామర్ ప్రపంచమంతటి పరిశోధనలను కూర్చి, మురుగును తట్టుకునే శైవలాల పట్టిక వేశాడు. పట్టికలో మొదటి పేరు యూగ్లీనా. మొక్కా జంతువా అని కొట్టుకున్న ఆ జీవే ఇప్పుడు సాక్షి అయింది: నీళ్లలో అది మితిమీరి కనిపిస్తే ఎక్కడో మురుగు కలుస్తోందని అనుమానించాలి.

పశ్చిమ కర్నూలులో ఈ ముక్కకు విలువ ఎక్కువ. ఆదోని, ఎమ్మిగనూరు తాగేది ఎక్కువగా తుంగభద్ర నీళ్లు. తుంగభద్ర దిగువ కాలువలో (ఎల్‌ఎల్‌సీ) నీళ్లున్నప్పుడు సమ్మర్ స్టోరేజీ ట్యాంకులు నింపుకుని, కాలువ కట్టేశాక వాటితోనే వేసవి గడపాలి. నెలల తరబడి నిలిచిన నీటికి ఎండ తోడైతే బెర్కెల్సె మేర్‌లో జరిగిందే ఇక్కడా జరుగుతుంది. పచ్చబడటం మంచు వల్ల కాదని తెలిసి మూడున్నర శతాబ్దాలు అయింది. ఏది పెరిగి పచ్చబడిందో తెలిస్తేనే ఏం చేయాలో తెలుస్తుంది.

ఒకప్పుడు ఈ సీమలో బిందె మూతికి గుడ్డ కట్టి నీళ్లు వడకట్టేవారు. దిగుడు బావుల్లో సైక్లాప్స్ అనే చిన్న నీటిపురుగు నారికురుపును మోసేది. 1980ల్లో మొదలైన నారికురుపు నిర్మూలన కార్యక్రమం ఆ గుడ్డనే ఆయుధం చేసుకుంది. 2000 నాటికి దేశం ఆ జబ్బు నుంచి బయటపడింది. సైక్లాప్స్ బట్టకు చిక్కుతుంది, ఎంత దట్టంగా నేసినా పారమీషియం, యూగ్లీనా పోగుల సందుల్లోంచి జారిపోతాయి. వాటిని పట్టుకోవడానికి అద్దం కావాల్సిందే.

ఆ అద్దం ఇప్పుడు మునుపటంత ఖరీదు కాదు. స్టాన్‌ఫర్డ్‌లో మను ప్రకాశ్ బృందం 2014లో బయటపెట్టిన ఫోల్డ్‌స్కోప్ కాగితం మడిచి చేసే సూక్ష్మదర్శిని, లీవెన్‌హుక్‌ది లాగే ఒకే చిన్న కటకం, 140 రెట్లు. పారమీషియం నూగు చూడటానికి అది కొంచెం తక్కువే, పారమీషియం నడక చూడటానికి ధారాళంగా సరిపోతుంది. ఈ రెండు ఊళ్ల బళ్లలో సైన్సు చెప్పే మాస్టార్లకు ఒక మాట: కాలువ కట్టేసిన నాటి నుంచి మళ్లీ నీళ్లు వచ్చే దాకా వారానికొక చుక్క చూడండి, తేదీ వేసి బొమ్మ గీయించండి. దూది ఊళ్లోనే దొరుకుతుంది.